పదాంధత్వం నుంచి అభ్యసన వైకల్యం దాకా: రెండు భాషల పిల్లల వైపు నుంచి ఒక పరిశీలన

1896 నవంబరు 7 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న నివేదిక వెలువడింది. దానిని రాసినవాడు ఇంగ్లండు దక్షిణ తీరంలోని సీఫర్డ్ అనే ఊళ్లో వైద్యం చేసే ప్రింగిల్ మోర్గన్. అందులోని విషయం పెర్సీ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడు. తెలివైనవాడు, ఆటల్లో తోటివారికి ఏ మాత్రం తీసిపోనివాడు. ఏడేళ్ల వయసు నుంచి బడిలోనూ ఇంటిదగ్గరా చదువు చెప్పిస్తూనే ఉన్నారు. అయినా ఒంటి అక్షరపు మాటలను సైతం కూడబలుక్కోవలసి వచ్చేది. తన పేరు రాయమంటే 'పెర్సీ'కి బదులు 'ప్రెసీ' అయ్యే విధంగా అక్షరాలు తారుమారు చేసి రాశాడు; ఒకటికి రెండుసార్లు అడిగేదాకా అందులో తప్పున్నట్టు అతనికి తోచలేదు. అంకెలతో మాత్రం పేచీ లేదు. కోట్ల సంఖ్యలు చదివేవాడు, బీజగణితం చేసేవాడు. చదువంతా నోటిమాటగా సాగితే బడిలో వీడే అందరికన్నా చురుకైనవాడు అవుతాడని అతని ఉపాధ్యాయుడి అభిప్రాయం. పుట్టుకతో వచ్చే పఠన వైకల్యాన్ని గురించిన తొలి నివేదికగా సాధారణంగా దీనినే చెబుతారు.

మోర్గన్ ఆ స్థితికి పెట్టిన పేరు 'పుట్టు పదాంధత్వం'. ఈ మాట అతను కొత్తగా కల్పించింది కాదు. 1877లో జర్మన్ వైద్యుడు ఆడోల్ఫ్ కుస్‌మౌల్, మెదడు దెబ్బతిని చదివే శక్తిని పోగొట్టుకున్న పెద్దల విషయంలో 'పదాంధత్వం' అన్నాడు. చూపు బాగుంది, మాట బాగుంది, బుద్ధి బాగుంది, అచ్చులో ఉన్న మాట మాత్రం అర్థం కాదు. పదేళ్ల తరవాత, 1887లో స్టుట్‌గార్ట్ నేత్రవైద్యుడు రుడోల్ఫ్ బెర్లిన్ గ్రీకు నుంచి 'డిస్‌లెక్సియా' అనే మాటను తయారుచేశాడు. అతని రోగులూ పెద్దవాళ్లే. గ్లాస్గోలో మరో నేత్రవైద్యుడు జేమ్స్ హిన్షెల్‌వుడ్ 1895లో ఇదే విషయం మీద రాసిన వ్యాసం చదివే మోర్గన్ పెర్సీని ఆ కోణం నుంచి చూడగలిగాడు. హిన్షెల్‌వుడ్ తరవాత పిల్లల కేసులు వరసగా సేకరించి 1917లో గ్రంథంగా ప్రచురించాడు.

పేరు పెట్టినవాళ్లలో ఇద్దరు కంటి డాక్టర్లు కావడం యాదృచ్ఛికం కాదు. పిల్లవాడు చదవలేకపోతే తల్లిదండ్రులకు మొదట వచ్చే అనుమానం కళ్లమీదే. ఆ విధంగా కంటి డాక్టరు గదిలో పుట్టిన ఈ భావనకు 'అంధత్వం' అనే రూపకం అంటుకుంది. ఆ రూపకం వదలడానికి ముప్పాతిక శతాబ్దం పట్టింది. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నిపుణుడైన డాక్టరు దగ్గరికి వెళ్లగలిగిన కుటుంబాల పిల్లలకే ఆ రోజుల్లో ఈ పేరు దక్కేది. తక్కినవాళ్లకు అన్ని భాషల్లోనూ పేర్లు సిద్ధంగానే ఉన్నాయి. మనవైపు మొద్దు, మట్టిబుర్ర, తలకెక్కదు వంటివి.

అమెరికాలో, అయోవా రాష్ట్రంలో పనిచేసిన సామ్యూల్ ఆర్టన్ 1925లో వేరే వివరణ ఇచ్చాడు. మెదడు రెండు అర్ధభాగాలలో ఏదో ఒకటి పైచేయి సాధించాలి. ఆ పైచేయి కుదరని పిల్లలకు అక్షరం, దాని అద్దపు ప్రతిబింబం రెండూ పోటీపడతాయి. అందుకే వాళ్లు ఇంగ్లీషు బి-ని డి-గా, పి-ని క్యూ-గా చదువుతారు అన్నాడు. దీనికి అతను పెట్టిన పేరు 'స్ట్రెఫోసింబోలియా', అంటే మెలికపడ్డ గుర్తులు. పేరు నిలవలేదు కాని చిత్రం నిలిచిపోయింది. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' చూసినవారికి అక్షరాలు తిరగబడి నాట్యం చేసే దృశ్యాలు గుర్తుండే ఉంటాయి. ఆ చిత్రం ఎంతోమంది తల్లిదండ్రులకు కనువిప్పు కలిగించిన మాట నిజం. అయితే అక్షరాలు తిరగేసి రాస్తేనే డిస్‌లెక్సియా అన్న నమ్మకం దానితోపాటు బలపడింది.

ఆర్టన్ చెప్పిన కారణం 1970లలో నిలవలేదు. ఇజబెల్ లిబర్మన్, ఆమె సహచరులు 1971లో చదువు రాని పిల్లల తప్పులను లెక్కపెట్టి చూస్తే, అక్షరాలు తిరగేయడం ఆ తప్పులలో చిన్న భాగమేనని తేలింది. ఫ్రాంక్ వెలుటినో చేసిన పరీక్ష ఇంకా సూటిగా ఉంటుంది. హీబ్రూ బొత్తిగా తెలియని అమెరికన్ పిల్లలకు హీబ్రూ అక్షరాలు కొద్దిసేపు చూపించి, గుర్తున్నంత వరకు గీయమన్నాడు. ఇంగ్లీషు చదవలేని పిల్లలూ చక్కగా చదివే పిల్లలూ సమానంగా గీశారు. దోషం కంటిలోనూ ఆకారాలు గుర్తుంచుకోవడంలోనూ అయితే ఇలా జరగకూడదు. మాటను ధ్వనులుగా విడదీసి, ఆ ధ్వనులను గుర్తులతో ముడిపెట్టే చోటనే ఇబ్బంది అన్న అభిప్రాయం అప్పటి నుంచి బలపడింది. కంటి డాక్టరు గదిలో మొదలైన విషయం ఈ విధంగా భాషాశాస్త్రం గడపలోకి వచ్చింది.

'అభ్యసన వైకల్యం' అని మనం అనువదించుకున్న మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు సామ్యూల్ కర్క్. 1963 ఏప్రిల్‌లో షికాగోలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. వాళ్ల పిల్లలకు డాక్టర్లు తలొక పేరు పెట్టారు. కర్క్ ఆ పేర్లన్నిటినీ పక్కనపెట్టి, తాను ఇటీవల వాడుతున్న మాట ఇదీ అని చెప్పాడు. తల్లిదండ్రులు వెంటనే ఆ మాటతో సంఘం పెట్టుకున్నారు. 1975లో అమెరికన్ చట్టంలోకీ అది చేరింది. ఆ నిర్వచనంలో ఒక మినహాయింపు ఉంది: చూపు, వినికిడి లోపాల వల్లగాని, పరిసరాల, సంస్కృతి, ఆర్థికస్థితి ప్రాతికూల్యం వల్లగాని ప్రధానంగా వచ్చిన ఇబ్బంది ఈ కోవలోకి రాదు.

ఈ మినహాయింపు వెనక ఉన్న అనుభవం మన పాఠకులకు ఆసక్తి కలిగించాలి. కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే తొమ్మిదిమంది పిల్లలను ఇంగ్లీషులో బుద్ధిపరీక్ష చేసి, మందబుద్ధులని తేల్చి ప్రత్యేక తరగతుల్లో వేశారు. వారి తరఫున వేసిన దావా డయానా కేసుగా ప్రసిద్ధం. ఆ పిల్లలకు స్పానిష్‌లో పరీక్ష పెడితే చాలామంది మందబుద్ధి గీత దాటి పైకి వచ్చారు. 1970లో రాజీ కుదిరింది: పిల్లవాడికి ఇంటిభాషలో పరీక్ష పెట్టాలి. ఈ సూత్రం 1975 చట్టంలోనూ చోటు సంపాదించింది. 2013లో అమెరికన్ మనోవైద్య సంఘం సవరించిన రోగనిర్ణయ గ్రంథం మరింత స్పష్టంగా, బోధనభాషలో ప్రావీణ్యం లేకపోవడం వల్ల వచ్చే ఇబ్బందిని అభ్యసన వైకల్యంగా లెక్కకట్టరాదని చెప్పింది.

ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయిన పిల్లలకు వర్తింపజేస్తే ఇది రెండువైపులా పదునున్న నియమం. హోసూరు ప్రాంతపు తెలుగు పిల్లవాడు తమిళం చదవలేకపోతే వైకల్యం అనేయవచ్చు. అది తప్పు కావచ్చు. ఇంట్లో తెలుగు గదా, అందుకే రాలేదులే అని వదిలేయవచ్చు; అదీ తప్పు కావచ్చు. మొదటి తప్పు గురించి మన సంఘాలు తరచు మాట్లాడతాయి. రెండో తప్పు గురించి మాట్లాడినవారు నాకు కనబడలేదు. నా దృష్టిలో మన పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్నది రెండోదే, ఎందుకంటే అందులో ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

మరి తేల్చడం ఎలా? తొందరపడి ఒక సూత్రం చెప్పేయవచ్చు: రెండు భాషల్లోనూ చదవలేకపోతే వైకల్యం, ఒకదానిలోనే అయితే భాషాసమస్య. చాలాకాలం దీనిని నమ్మారు. దీనికి అడ్డుపడింది జపాన్.

1968లో కియోషి మకిటా అనే జపనీస్ మనోవైద్యుడు తమ దేశంలో పఠన వైకల్యం అతి అరుదని, నూటికి ఒక్కరికన్నా తక్కువని రాశాడు. కారణం లిపి అన్నాడు. జపనీస్ 'కన' లిపిలో ఒక గుర్తుకు ఒకే ఉచ్చారణ. ఇంగ్లీషులో ఆ క్రమం లేదు. మన పండితులకు ఎంతో ఇంపైన వాదన ఇది, రాసినట్టు చదివే లిపి మనది గదా. అయితే మకిటా లెక్క ఉపాధ్యాయులకు పంపిన ప్రశ్నాపత్రాల మీద ఆధారపడింది. హెరాల్డ్ స్టీవెన్సన్ బృందం అమెరికా, జపాన్, తైవాన్‌లలో పిల్లలనే స్వయంగా పరీక్షించి, మూడు చోట్లా చదవలేని పిల్లలు ఉన్నారని 1982లో చూపింది. 2001లో పౌలేసు బృందం ఇటాలియన్, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల డిస్‌లెక్సియా ఉన్న వయోజనులను పోల్చింది. చదివేటప్పుడు మెదడులో కనిపించిన తేడా ముగ్గురిలోనూ ఒకటే. కాని ఇటాలియన్ వాళ్లు తక్కినవారికన్న తప్పులు తక్కువగా చదివారు. క్రమం ఉన్న లిపి వైకల్యాన్ని పోగొట్టదు, కనబడకుండా చేస్తుంది.

రెండేళ్ల ముందు, 1999లో, టేకో వైడెల్, బ్రయన్ బటర్‌వర్త్ ఒక యువకుడి కథ ప్రచురించారు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులకు జపాన్‌లో పుట్టి, జపనీస్ బడిలో చదివిన పదహారేళ్ల కుర్రవాడు. జపనీస్‌లో అతని చదువు తోటి జపనీస్ పిల్లలతో సమానం, కొన్ని పరీక్షల్లో వాళ్లకన్న మెరుగు. తన ఇంటిభాష అయిన ఇంగ్లీషును మాత్రం చదవలేడు! లోపం ఒకటే, రెండు లిపుల్లో రెండు ఫలితాలు. కనుక పై సూత్రం పనికిరాదు. తెలుగు చక్కగా చదివే పిల్లవాడికి ఇంగ్లీషులో వైకల్యం ఉండదని చెప్పడానికి వీలులేదు.

భారతీయ లిపుల విషయానికి వస్తే, ప్రతిభా కారంత్, ప్రకాశ్ పడకన్నాయ మొదలైన కర్ణాటక పరిశోధకులు 1990ల తొలినాళ్లలోనే మౌలికమైన ప్రశ్న వేశారు. ఇంగ్లీషు పరీక్షల్లో 'మాటలోంచి ఒక ధ్వని తీసేస్తే ఏం మిగులుతుంది' అని అడుగుతారు. 'కల' అనే మాటలో 'క్' తీసేయమంటే భాషాశాస్త్రం చదివినవాడు 'అల' అంటాడు. అక్షరమాల మాత్రమే నేర్చిన పిల్లవాడు 'ల' అంటాడు. వాడికి 'క' విడదీయరాని ఒక ముక్క. కన్నడం మాత్రమే చదివే పిల్లలు మాటను అక్షరాలుగా విడగొట్టడంలో చురుకుగా ఉండి, వర్ణాలుగా విడగొట్టడంలో తడబడ్డారు. అయినా చదవడంలో వాళ్లకు లోటు లేదు. ఇంగ్లీషు గీటురాయితో చూస్తే వీళ్లు వైకల్యం అంచున ఉన్నవాళ్లవుతారు. తెలుగు పిల్లలు ఈ అర్ధాక్షర లిపిలో ధ్వనులను ఎలా గ్రహిస్తారన్నదాని మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించిన దువ్వూరి వసంత 2004లో అధ్యయనం ప్రచురించారు. 2007లో సోనాలి నాగ్ కన్నడ పిల్లల గురించి చూపిన సంగతి బడిపంతుళ్లందరికీ తెలియాలి: ఇంగ్లీషు పిల్లలు మొదటి ఏటనే ముగించే అక్షరాల పని మన లిపుల్లో నాలుగో తరగతి దాకా సాగుతుంది. గుణింతాలు, ఒత్తులు కలిపితే గుర్తులు వందలు. మూడో తరగతి పిల్లవాడు 'స్త్ర' దగ్గర ఆగితే అది జబ్బు కాదు.

ఇక మన సరిహద్దు పిల్లల తప్పులు. ఇక్కడ భాషాశాస్త్ర విద్యార్థికి చేతినిండా పని ఉంది. తమిళ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం, క, గ లకు ఒకటే. మొదట తమిళం నేర్చి తరవాత తెలుగుకు వచ్చిన పిల్లవాడు 'బాబు'ను 'పాపు' అని రాస్తే అది చెవి లోపం కాదు, లిపి తెచ్చిన అలవాటు. బరంపురంలో ఒడియా నేర్చినవాడు 'కొడుకు'ను 'కోడుకు' అంటే, ఒడియా లిపిలో హ్రస్వ దీర్ఘ ఒకారాలకు తేడా లేదని గుర్తుచేసుకోవాలి. షోలాపురం పద్మశాలీల ఇళ్లలో తెలుగు అక్షరాలు ముందు దిద్దిన పిల్లవాడు మరాఠీలో 'కి' రాసేటప్పుడు ఇకారాన్ని హల్లుకు కుడిపక్కన పెడతాడు. నాగరిలో అది ఎడమపక్కన ఉండాలి. పరీక్ష పెట్టేవాడికి తెలుగు తెలియకపోతే 'క్రమం తారుమారు' అని రాసుకుంటాడు.

అన్నిటికన్న సరదా అయినది కన్నడంలోని అర్కావొత్తు. 'కర్ణ' అనే మాటలో 'ర్' ముందు పలుకుతాం. కన్నడంలో దాని గుర్తు 'ణ' తరవాత వస్తుంది. కోలారు పిల్లవాడు దానిని 'కణర' అని చదివితే పెర్సీ గుర్తుకు రావచ్చు. పాత తెలుగు అచ్చుపుస్తకాల్లో ఇదే పద్ధతి ఉండేది, వలపలగిలక అనేవారు. మన తాతలు దానితోనే చదువుకున్నారు, అది పోయాక మనకు వింతయింది.

ఇటువంటి తప్పులకు ఒక లక్షణం ఉంది: ముందుగా ఊహించవచ్చు. రెండు భాషల ధ్వనులు, లిపులు పక్కపక్కన పెట్టుకుంటే ఏ తప్పు ఎక్కడ వస్తుందో చెప్పగలం. నేర్పితే కొద్ది నెలల్లో పోతాయి కూడా. ఈ లెక్కకు అందని తప్పులు, ఒకే మాటను ఒకే పేజీలో మూడు విధాలుగా రాయడం, తప్పులు తగ్గినా వేగం ఎంతకూ పెరగకపోవడం, ఒక్కొక్క అక్షరం తడుముకుంటూ నాలుగో తరగతి దాటడం, ఇవీ అనుమానించవలసినవి. క్రమమున్న లిపుల్లో వైకల్యానికి ముఖ్యమైన ఆనవాలు నెమ్మదితనమే. ఇంగ్లీషు పుస్తకాలు చదివి తప్పులే వెతికేవారు దీనిని దాటిపోతారు. పైగా బి-డి వంటి అద్దపు జంటలు తెలుగులో దాదాపు లేవు.

తమిళనాట మరొక చిక్కు. కోవిల్‌పట్టి, కోయంబత్తూరు ప్రాంతాల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్లలో తెలుగు లిపి రానివారే ఎక్కువ. అక్కడ తెలుగులో చదివించి చూడడం కుదరదు. కాని నోటితో చూడవచ్చు. పొడుగాటి కొత్త మాట విని తిరిగి చెప్పగలడా? ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు ఏరగలడా? వరసగా ఉన్న బొమ్మల పేర్లు, రంగుల పేర్లు గబగబా చెప్పగలడా? ఈ చివరిదానికీ చదువుకూ ఉన్న సంబంధాన్ని మార్తా డెంక్లా, రీటా రూడెల్ 1970లలోనే చూపారు. వీటికి కావలసింది తెలుగు మాట్లాడే మనిషి, ఓపిక. 2006లో తమిళనాడు చేసిన చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి అంచెలంచెలుగా తప్పనిసరి చేసినప్పుడు మన సంఘాల వాదమంతా పరీక్ష మినహాయింపు చుట్టూ తిరిగింది. తెలుగు తెలిసిన పరీక్షకుడు కావాలని అడిగినట్టయితే బాగుండేది. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం మాతృభాషలో ప్రాథమిక బోధన గురించి చెబుతుంది, పరీక్ష గురించి చెప్పదు.

మన దేశంలో ఈ భావన ఆలస్యంగా వచ్చింది. మద్రాసు డిస్‌లెక్సియా సంఘం 1991లో ఏర్పడింది. 1996లో మహారాష్ట్ర ప్రభుత్వం ఇటువంటి పిల్లలకు పరీక్షల్లో వెసులుబాట్లు ఇచ్చింది. 1995 నాటి కేంద్ర చట్టం ఏడు వైకల్యాలు పేర్కొని దీనిని వదిలేసింది. 2016 చట్టం ఇరవైయొక్కటి చేసి, వాటిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని చేర్చింది. చదవడం, రాయడం, లెక్కలు చేయడం అన్నీ ఆ నిర్వచనంలో ఉన్నాయి. ఇంటిభాష వేరైన పిల్లల ఊసు లేదు. 2015లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషల కోసం తయారుచేసిన 'డాలి' పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషులలో వచ్చింది. తెలుగు ఆ నాలుగింటిలో లేదు.

ధ్రువపత్రం వచ్చాక ఏం జరుగుతుందో కూడా చూడాలి. అదనపు సమయం, రాసిపెట్టేవారు, అక్షరదోషాల మాఫీ, ఇవన్నీ మంచివే. వాటితోపాటు ఒక భాషను వదిలేసే వెసులుబాటు కూడా ఉంది. మహారాష్ట్రలో ఇది ఉంది, సి.బి.ఎస్.ఇ. నిబంధనల్లోనూ రెండు భాషలకు బదులు ఒకటి చదవవచ్చు. బెంగళూరులోనో ముంబయిలోనో ఉన్న తెలుగు కుటుంబం ఏ భాషను వదిలేస్తుందో ఊహించనక్కరలేదు. ఇంగ్లీషు వదలరు, రాష్ట్రభాష వదలలేరు. కొందరు పిల్లలకు ఆ భారం దింపడమే న్యాయం, కాదనను. అయితే జపాన్ కుర్రవాడి సంగతి ఆలోచించండి. పిల్లవాడు నిజంగా చదవగలిగే లిపి క్రమమున్న లిపే కావచ్చు, అంటే ఇంట్లో వదిలేస్తున్నదే కావచ్చు. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం బడిలో తొలి పరిశీలన మూడో తరగతిలోగాని ఎనిమిదేళ్లకుగాని, ఏది ముందైతే అప్పుడు జరగాలి. ఎనిమిదేళ్లకు మన పిల్లవాడు గుణింతాలు దాటి ఇంకా ఒత్తుల దగ్గరే ఉంటాడు. తెలుగు వదిలేద్దామని ఇంట్లో నిర్ణయం అయిపోయేది ఆ వయసులోనే.